శస్త్రచికిత్స తరువాతి నొప్పి – నెర్వ్ బ్లాక్ ఇచ్చే ఊరట

మోకాలి కీలుమార్పిడికో, తుంటి ఎముక విరిగినందుకో, ఛాతీ లేదా పొట్ట ఆపరేషన్‌కో ఆసుపత్రిలో చేరే పెద్దలు, వారి వెంట వచ్చే కుటుంబసభ్యులు మత్తు వైద్యుణ్ణి చూడగానే సాధారణంగా రెండు ప్రశ్నలు వేస్తారు. “మత్తు నుంచి మళ్ళీ లేస్తారు కదా?” అన్నది మొదటిది. “కోసేటప్పుడు నొప్పి తెలియదు కదా?” అన్నది రెండవది. రెండూ అడగవలసిన ప్రశ్నలే. అయితే మూడవ ప్రశ్న ఒకటి ఉన్నది. దానిని అడిగేవారు బహు తక్కువ. “ఆపరేషన్ అయిన ఆ రాత్రి, ఆ మరునాడు నొప్పికి ఏమి చేస్తారు?”

ఎన్నో ఏళ్ళుగా మత్తు వైద్యవృత్తిలో ఉన్న నాకు ఈ మూడవ ప్రశ్నే అన్నిటికన్నా ముఖ్యమైనదిగా తోస్తుంది. ఈ పత్రిక చదివే భక్తులలో మెట్లు ఎక్కలేక మోకాలి శస్త్రచికిత్స గురించి ఆలోచిస్తున్నవారు ఉంటారు. ఇంట్లోని పెద్దలకు అటువంటి చికిత్స చేయించబోయేవారు ఉంటారు. ఆసుపత్రులకు విరాళాలిచ్చే దాతలూ ఉంటారు. వీరందరికీ ఉపయోగపడుతుందన్న ఉద్దేశంతో, శస్త్రచికిత్స తరువాతి నొప్పిని తగ్గించే ‘నెర్వ్ బ్లాక్’ అనే పద్ధతిని గురించి ఈ వ్యాసంలో వివరిస్తాను. నరం పక్కన మందు ఉంచి, ఆ నరం ద్వారా సాగే నొప్పిని కొన్ని గంటలపాటు ఆపివేయడమే నెర్వ్ బ్లాక్.

ఓర్పు ఎంతవరకు?

మన సంప్రదాయంలో ఓర్పుకు గొప్ప స్థానం ఉన్నది. ఉపవాసం ఉండి, కాలినడకన కొండ ఎక్కి, పొర్లుదండాలు పెట్టి మొక్కు తీర్చుకొనే భక్తులు శరీర కష్టాన్ని ఇష్టపూర్వకంగా స్వీకరిస్తారు. ఆ కష్టం వెనుక వారి సంకల్పం ఉంటుంది. అలసట కలిగితే ఆగి, నీడన కూర్చొని, మంచినీళ్ళు తాగి మళ్ళీ కదిలే వీలు ఉంటుంది. శస్త్రచికిత్స గాయం పెట్టే నొప్పికి అటువంటి వీలు లేదు. దానిని మౌనంగా భరించినందువల్ల రోగికి ఒరిగేది ఏమీ లేకపోగా, హాని కలిగే అవకాశమే ఎక్కువ.

ఎలాగంటే, పొట్టపైనో ఛాతీపైనో గాయం ఉన్నవారు నొప్పికి భయపడి గట్టిగా ఊపిరి తీయరు, దగ్గరు. ఊపిరితిత్తుల అడుగుభాగాలు ముడుచుకుపోతాయి, కఫం పేరుకుంటుంది, న్యుమోనియా వచ్చే ప్రమాదం పెరుగుతుంది. కాలికి ఆపరేషన్ అయినవారు కదలకుండా పడుకొంటే కాళ్ళ సిరలలో రక్తం గడ్డకట్టవచ్చు. ఆ గడ్డ ఊపిరితిత్తులకు చేరితే ప్రాణాపాయం. నొప్పి వల్ల గుండె వేగం, రక్తపోటు పెరుగుతాయి. గుండె బలహీనంగా ఉన్నవారికి అది అదనపు భారం. నిద్ర కరువైన వృద్ధులు అయోమయంలో పడి, ఉన్న చోటును, మనుషులను గుర్తించలేకపోవచ్చు. తొలి రోజులలో తీవ్రమైన నొప్పిని అనుభవించినవారిలో కొందరికి గాయం మానిన తరువాత కూడా నెలల తరబడి నొప్పి నిలిచిపోతుంది.

గోదావరి తీరపు పల్లె నుంచి వచ్చిన ఒక పెద్దావిడ నాకు తరచు జ్ఞాపకం వస్తుంటారు. తుంటి ఆపరేషన్ అయిన మరునాడు ఉదయం “నొప్పి ఎలా ఉన్నదమ్మా?” అని అడిగితే, “మీ దయ వల్ల బాగానే ఉంది నాయనా” అన్నారు. ఆ మాట అంటున్నప్పుడు ఆమె రెండు చేతులూ దుప్పటిని బిగించి పట్టుకొని ఉన్నాయి. నాడి నిమిషానికి 120 దగ్గర కొట్టుకొంటున్నది. డాక్టరును ఇబ్బంది పెట్టకూడదన్న మర్యాద, నొప్పి అని చెబితే పిరికితనం అనుకొంటారేమోనన్న సంకోచం ఆమె చేత ఆ మాట అనిపించాయి. సున్నా నుంచి 10 వరకు అంకె చెప్పమంటే ఆమెకు అర్థం కాలేదు. “పదహారణాల నొప్పి అంటే ఇక భరించలేనిది అనుకోండమ్మా. మీది ఎన్ని అణాలు?” అని అడిగాను. ఒక్క క్షణం ఆలోచించి, “పద్నాలుగు ఉంటాయి నాయనా” అన్నారు. ఆమెకు వెంటనే బ్లాక్ చేశాము. అరగంటకు “ఇప్పుడు మూడణాలు” అని ఆమే పిలిచి చెప్పారు. ఆ మధ్యాహ్నమే కూర్చొని అన్నం తిన్నారు.

నొప్పి నడిచే దారి

గాయం అయిన చోట చర్మం, కండరం, ఎముక పొర దెబ్బతింటాయి. అక్కడి సన్నని నరాల కొసలు ఆ సమాచారాన్ని అందుకొని పెద్ద నరాలకు, వాటి ద్వారా వెన్నుపాముకు, అక్కడి నుంచి మెదడుకు చేరవేస్తాయి. మెదడుకు చేరిన తరువాతనే మనకు ‘నొప్పి’ అన్న అనుభవం కలుగుతుంది. కాబట్టి నొప్పిని తగ్గించడానికి మూడు చోట్ల ప్రయత్నం చేయవచ్చు. గాయం వద్ద వాపును తగ్గించవచ్చు, మెదడు, వెన్నుపాము స్థాయిలో మార్ఫిన్ వంటి మందులతో అనుభూతిని మొద్దుబార్చవచ్చు, లేదా దారి మధ్యలోనే సమాచారాన్ని ఆపవచ్చు. నెర్వ్ బ్లాక్ చేసేది ఈ మూడవ పని.

చెరువు తూము తెరిస్తే కాలువలో నీరు పారుతుంది, మూస్తే ఆగుతుంది. నరపు పోగు పొడవునా అటువంటి అతి సూక్ష్మమైన తూములు ఉంటాయి. మనం తినే ఉప్పులో ఉండే సోడియమే ఆ తూముల గుండా పోగులోకి చొరబడుతుంది. ఒక తూము తెరుచుకొంటే దాని ప్రభావంతో పక్కనున్నది తెరుచుకొంటుంది. ఇలా ఒకదాని వెనుక ఒకటిగా విద్యుత్ సంకేతం ముందుకు సాగుతుంది. లిగ్నోకైన్, బుపివకైన్, రోపివకైన్ వంటి మత్తుమందులు ఆ సోడియం తూములలో చేరి వాటిని మూసివేస్తాయి. సంకేతం అక్కడితో ఆగిపోతుంది. గాయం ఉన్నది, కానీ ఆ కబురు మెదడుకు చేరదు. రక్తం ఆ మందును కొద్దికొద్దిగా తీసుకొనిపోయే కొద్దీ తూములు తిరిగి తెరుచుకొంటాయి, నరం యథాస్థితికి వస్తుంది.

నొప్పిని మోసే పోగులు సన్ననివి. కండరాలను కదిలించే పోగులు లావుపాటివి. అందువల్ల తక్కువ గాఢత గల మందుతో నొప్పిని ఎక్కువగా, కదలికను తక్కువగా ఆపడం కొంతవరకు సాధ్యమవుతుంది. మందు పరిమాణాన్ని, చోటును వైద్యుడు ఎంచుకోవడంలో ఉన్న నేర్పు ఇదే.

ఈ విద్య వచ్చిన తీరు

1846లో అమెరికాలోని బోస్టన్ నగరంలో విలియం మోర్టన్ ఈథర్ వాయువుతో రోగికి మత్తు కలిగించి శస్త్రచికిత్స జరిపించడంతో ఆధునిక మత్తు వైద్యానికి బహిరంగంగా నాంది పడింది. రోగిని పూర్తిగా నిద్రపుచ్చకుండా ఒక్క భాగాన్ని మాత్రమే మొద్దుబార్చే మార్గం 1884లో దొరికింది. వియన్నా నగరానికి చెందిన కార్ల్ కోలర్ అనే యువ వైద్యుడు కోకా ఆకు నుంచి తీసిన కొకైన్ ద్రావణపు చుక్కలు వేస్తే కన్ను మొద్దుబారుతుందని చూపాడు. ఆ వెంటనే అమెరికాలో విలియం హాల్‌స్టెడ్ కొకైన్‌ను నరాల వద్ద ఎక్కించి బ్లాక్‌లకు శ్రీకారం చుట్టాడు. తమ మీదనే ప్రయోగాలు చేసుకొన్న ఆయన ఆ మందుకు బానిసై చాలా బాధపడ్డాడు. 1898లో జర్మనీకి చెందిన ఆగస్ట్ బియర్ వెన్నులో మందు ఇచ్చే పద్ధతిని ప్రవేశపెట్టాడు.

వ్యసనానికి దారితీయని మందుల కోసం సాగిన అన్వేషణ ఫలితంగా 1943లో స్వీడన్‌లో నీల్స్ లోఫ్‌గ్రెన్ లిగ్నోకైన్‌ను తయారుచేశాడు. పంటి డాక్టరు వద్ద చిగురుకు ఇచ్చే ఇంజక్షన్ సాధారణంగా ఇదే. ఎక్కువ గంటలు పనిచేసే బుపివకైన్ కూడా 1957లో స్వీడన్‌లోనే రూపొందింది. నేడు బ్లాక్‌లలో వాడే మందులకు రోగులు అలవాటు పడరు. “ఒకసారి తీసుకొంటే ఎప్పుడూ కావాలనిపిస్తుందేమో” అన్న భయం అక్కరలేదు.

చాలాకాలం వరకు వైద్యులు శరీరపు గుర్తులను బట్టి, తరువాత చిన్న విద్యుత్ ప్రేరణతో కండరం కదలడాన్ని బట్టి నరం ఉన్న చోటును ఊహించేవారు. 1990లలో వియన్నా వైద్యులు అల్ట్రాసౌండ్ తెరపై చూస్తూ బ్లాక్ చేసే పద్ధతిని అభివృద్ధి చేశారు. గర్భిణులకు స్కానింగ్ చేసే యంత్రం వంటిదే ఇది. నరం, పక్కనున్న రక్తనాళం, లోనికి వెళుతున్న సూది, వ్యాపిస్తున్న మందు అన్నీ తెరపై కనిపిస్తాయి. తక్కువ మందుతో, ఎక్కువ కచ్చితత్వంతో బ్లాక్ చేయడం దీనివల్ల సాధ్యమైంది.

మోకాలి ఆపరేషన్‌లో

మోకాలి కీలుమార్పిడికి మన ఆసుపత్రులలో ఎక్కువగా వెన్నులో మత్తు ఇస్తారు. నడుము దగ్గర ఇచ్చే ఆ ఇంజక్షన్ ఆపరేషన్ జరిగినంతసేపు పనిచేసి, రెండు నుంచి నాలుగు గంటలలో దిగిపోతుంది. అసలు నొప్పి ఆ తరువాతనే మొదలవుతుంది. ఆ సమయానికి అక్కరకు వచ్చేదే నెర్వ్ బ్లాక్. వెన్నులో మత్తు, నెర్వ్ బ్లాక్ ఒకటి కాదని, ఒకదాని పని ముగిసిన చోట రెండవదాని ఉపయోగం కనిపిస్తుందని గ్రహించాలి. వెన్ను ఇంజక్షన్ వల్ల జీవితాంతం నడుము నొప్పి వస్తుందన్న అపోహ కూడా చాలామందిలో ఉన్నది. సూది గుచ్చిన చోట కొద్దిరోజులు నొప్పి ఉండవచ్చుగానీ, ఏళ్ళ తరబడి వేధించే నడుము నొప్పికి అది కారణమని అధ్యయనాలలో తేలలేదు.

మోకాలి ముందుభాగపు నొప్పిని తొడ నరపు శాఖలు మోస్తాయి. పూర్వం గజ్జ వద్ద ఆ నరపు మొదటినే బ్లాక్ చేసేవారు. నొప్పి బాగా తగ్గేది, కానీ తొడ ముందు కండరం కూడా బలం కోల్పోవడంతో రోగి లేచి నిలబడబోతే మోకాలు కుంగి పడిపోయే ప్రమాదం ఉండేది. ఇప్పుడు తొడ మధ్యభాగంలో, కండరాల నడుమ ఉన్న సన్నని మార్గంలో మందు ఉంచుతారు. దీనిని ‘అడక్టర్ కెనాల్ బ్లాక్’ అంటారు. అక్కడికి చేరేసరికి కండరానికి వెళ్ళే శాఖలు చాలావరకు విడిపోయి ఉంటాయి కాబట్టి నొప్పి తగ్గినా కాలి బలం చాలావరకు నిలుస్తుంది. ఆపరేషన్ అయిన నాడో, మరునాడో వాకర్ సాయంతో నడిపించడం సులభమవుతుంది. మోకాలి వెనుకభాగపు నొప్పి మాత్రం ఈ బ్లాక్‌తో తగ్గదు. దానికి వేరుగా మందు ఉంచవలసి ఉంటుంది.

బ్లాక్ చేసే విధానం ఇది. చేతికి సెలైన్ సూది పెట్టి, గుండె వేగం, రక్తపోటు, రక్తంలో ఆక్సిజన్ చూపే యంత్రాలు తగిలిస్తారు. చర్మాన్ని క్రిమినాశినితో శుభ్రపరచి, జెల్ రాసిన స్కానింగ్ పరికరాన్ని తొడపై ఉంచుతారు. చర్మానికి కొద్దిగా మత్తు ఇచ్చి, సన్నని సూదిని తెరపై చూస్తూ నరం పక్కకు చేరుస్తారు. సూది నరంలోకి వెళ్ళకూడదు, నరం చుట్టూ మందు వ్యాపించాలి. రక్తనాళంలో లేమని మాటిమాటికీ పరీక్షించుకొంటూ కొద్దికొద్దిగా మందు ఎక్కిస్తారు. సాధారణంగా 10 నిమిషాలలో పని పూర్తవుతుంది. మందు పూర్తిగా పనిచేయడానికి మరో 15 నుంచి 30 నిమిషాలు పడుతుంది. మందును, మోతాదును, చోటును బట్టి ఉపశమనం సుమారు 8 నుంచి 24 గంటలు నిలుస్తుంది. అంతకన్నా ఎక్కువ కాలం కావలసినప్పుడు నరం పక్కన దారం వంటి సన్నని గొట్టాన్ని ఉంచి, చిన్న పంపుతో రెండు మూడు రోజులు మందు అందించవచ్చు.

ఇతర శస్త్రచికిత్సలలో

తుంటి ఎముక విరిగిన వృద్ధులకు ఆపరేషన్ కన్నా ముందే గజ్జ దగ్గర బ్లాక్ చేయవచ్చు. ఎక్స్‌రే బల్లపైకి మార్చేటప్పుడు, పక్కకు తిప్పేటప్పుడు కలిగే యాతన దీనితో ఎంతో తగ్గుతుంది. భుజానికి, చేతికి జరిగే ఆపరేషన్లకు మెడ వద్దనో, కంటె ఎముక పైనో, చంకలోనో నరాల గుచ్ఛానికి మందు ఇస్తారు. ఛాతీ ఆపరేషన్లకు, పక్కటెముకలు విరిగినప్పుడు వెన్నెముక పక్కగా ఇస్తారు. వీపు కండరం కింద మందు పరిచే ‘ఎరెక్టర్ స్పైనీ’ బ్లాక్ 2016లో వెలుగులోకి వచ్చి కొద్ది సంవత్సరాలలోనే ప్రపంచమంతటా వ్యాపించింది. సిజేరియన్ వంటి పొట్ట ఆపరేషన్లకు పొట్ట గోడలోని కండరాల పొరల మధ్య మందు ఉంచుతారు. అయితే ఇది గోడకు మాత్రమే ఉపశమనం ఇస్తుంది. లోపలి పేగుల, గర్భాశయపు నొప్పికి వేరే మందులు తప్పవు. ఏ బ్లాక్ ఎంతవరకు పనిచేస్తుందో ముందే తెలిసి ఉంటే, తరువాత “ఇంజక్షన్ ఇచ్చినా నొప్పి ఉందేమిటి?” అన్న నిరాశ కలగదు.

బ్లాక్ దిగిపోయే వేళ

అన్నిటికన్నా గుర్తుంచుకోవలసిన విషయం ఇది. మధ్యాహ్నం చేసిన బ్లాక్ చాలాసార్లు అర్ధరాత్రి దాటాక, తెల్లవారుజామున దిగిపోతుంది. అప్పటివరకు హాయిగా ఉన్న రోగికి నొప్పి ఒక్కసారిగా విరుచుకుపడినట్లు అనిపిస్తుంది. అప్పుడు మాత్ర వేసుకొన్నా అది పనిచేయడానికి అరగంటో గంటో పడుతుంది.

సాయంత్రం మాత్రలు ఇవ్వబోతే, “నొప్పే లేదు కదండీ, ఎందుకు దండగ మందులు?” అనేవారిని నేను తరచు చూస్తుంటాను. మొద్దుబారిన కాలు నొప్పి లేదని చెబుతుందిగానీ, గాయం లేదని చెప్పదు. కాలిలో చురుకుదనం, చీమలు పాకినట్లు తిమ్మిరి మొదలవగానే బ్లాక్ దిగుతున్నదని అర్థం చేసుకోవాలి. డాక్టరు రాసిన పారాసిటమాల్‌ను నొప్పి కోసం ఎదురుచూడకుండా వేళ ప్రకారం వేసుకోవాలి. మూత్రపిండాలు, కడుపు, గుండె పరిస్థితి అనుకూలంగా ఉన్నవారికి వాపు తగ్గించే మందులు కూడా ఇస్తారు. వీటికి లొంగని నొప్పికి మార్ఫిన్ వంటి మందులు ఉన్నాయి. వీటిని వైద్యుల పర్యవేక్షణలో, తక్కువ మోతాదులో కొద్దిరోజులు వాడితే వ్యసనంగా మారే అవకాశం చాలా తక్కువ. అయితే వాంతులు, మలబద్ధకం, మగత కలిగించగలవు, మోతాదు మించితే ఊపిరి మందగిస్తుంది. బ్లాక్ చేయడం వల్ల కలిగే గొప్ప మేలు ఏమిటంటే, ఇటువంటి మందుల అవసరం తగ్గుతుంది. వయసు పైబడినవారికి, గురకతో ఊపిరి ఆగే జబ్బు ఉన్నవారికి ఇది ఎంతో ఉపకరిస్తుంది.

బ్లాక్ ఇచ్చిన ఆ కొద్ది గంటలను నిద్రకు మాత్రమే కాక, గాఢంగా ఊపిరి తీయడానికి, దగ్గి కఫం తీసివేయడానికి, ఫిజియోథెరపీ చేసేవారు చెప్పినట్లు మోకాలు వంచడానికి వినియోగించుకోవాలి.

ప్రమాదాలు, జాగ్రత్తలు

ఏ చికిత్సకైనా లోపాలు ఉంటాయి. కొన్నిసార్లు బ్లాక్ పూర్తిగా పనిచేయకపోవచ్చు. సూది గుచ్చిన చోట రక్తం చేరవచ్చు, అరుదుగా చీము పట్టవచ్చు. కొందరికి కొన్ని రోజులు, వారాలపాటు తిమ్మిరి నిలిచి క్రమంగా తగ్గుతుంది. నరానికి శాశ్వతంగా హాని కలగడం పదివేల మందిలో ఏ కొద్దిమందికో సంభవించే అరుదైన విషయం. భుజం కోసం మెడ వద్ద చేసే బ్లాక్ వల్ల ఒకవైపు ఊపిరి కండరం తాత్కాలికంగా బలహీనపడవచ్చు. కాబట్టి ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవారు ఆ సంగతి తప్పక చెప్పాలి.

మందు పొరపాటున రక్తంలోకి ఎక్కువగా చేరితే పెదవుల చుట్టూ మొద్దుబారడం, నాలుకపై లోహపు రుచి, చెవులలో హోరు, ఆ తరువాత ఫిట్స్, గుండె లయ తప్పడం సంభవించవచ్చు. బ్లాక్ చేస్తుండగా ఇటువంటి అనుభూతి కలిగితే వెంటనే వైద్యుడికి చెప్పాలి. దీనికి విరుగుడుగా పాలవలె తెల్లగా ఉండే 20 శాతం కొవ్వు ద్రావణాన్ని సిరలోకి ఎక్కిస్తారు. బ్లాక్‌లు చేసే ప్రతి చోటా ఇది చేతికి అందేలా ఉండాలి.

మొద్దుబారిన కాలితో ఒంటరిగా లేవకూడదు. మరుగుదొడ్డికి వెళ్ళాలన్నా నర్సునో, ఇంటివారినో పిలవాలి. “వారిని నిద్ర లేపడం ఎందుకు?” అనుకొని లేచి పడిపోతే కొత్తగా పెట్టిన కీలుకే ముప్పు. మొద్దుబారిన చేతికీ, కాలికీ వేడినీళ్ళ సంచి పెట్టకూడదు, కాలినా తెలియదు. మొద్దుబారిన చేయి వేలాడకుండా పట్టీలో ఉంచుకోవాలి. కట్టు కింద బిగింపు విపరీతంగా పెరిగినా, వేళ్ళు చల్లబడి రంగు మారినా, బ్లాక్ ఉండగానే నొప్పి నానాటికీ ఎక్కువవుతున్నా తెల్లవారేదాకా ఆగకుండా వైద్యులకు చెప్పాలి.

ముందుగా చెప్పవలసినవి

ఆపరేషన్‌కు ముందు మత్తు వైద్యుణ్ణి కలిసినప్పుడు కొన్ని విషయాలు దాచకుండా చెప్పాలి. క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్ వంటి రక్తాన్ని పలుచబరిచే మందులు వాడుతున్నారా? మధుమేహం వల్ల పాదాలలో ముందునుంచే తిమ్మిరులు ఉన్నాయా? ఇంతకుముందు ఏ మందుకైనా ఒళ్ళంతా దద్దుర్లు వచ్చాయా? నాటుమందులు, ఆయుర్వేద ఔషధాలు తీసుకొంటున్నారా? వాడుతున్న మందులను సొంతంగా మానివేయడం కూడా ప్రమాదమే. ఏది ఎప్పుడు ఆపాలో వైద్యుడే చెప్పాలి.

భక్తులకు ప్రత్యేకంగా ఒక మాట. ఆపరేషన్ ఉదయం పూజ చేసి ప్రసాదం స్వీకరించి రావడం చాలామందికి అలవాటు. మత్తులో కడుపులోని ఆహారం ఊపిరితిత్తులలోకి వెళితే ప్రాణాపాయం. అందుకే తేలికైన ఆహారానికి ఆరు గంటలు, నేతితో, నూనెతో చేసిన వాటికి ఎనిమిది గంటలు, మంచినీళ్ళకు రెండు గంటల వ్యవధి పాటిస్తారు. బ్లాక్ మాత్రమే అన్నా ఈ నియమం వర్తిస్తుంది. ప్రసాదాన్ని కళ్ళకద్దుకొని, కోలుకొన్న తరువాత స్వీకరించండి.

వైద్యుణ్ణి అడగవలసిన ప్రశ్నలు నాలుగు: నాకు బ్లాక్ చేయడం వీలవుతుందా? అది ఎన్ని గంటలు పనిచేస్తుంది? దిగిపోయాక వేసుకోవలసిన మొదటి మాత్ర ఏ వేళకు? రాత్రివేళ నొప్పి ఎక్కువైతే ఎవరిని పిలవాలి?

దాతలకు ఒక విన్నపం

ఆసుపత్రులకు విరాళమిచ్చే పుణ్యాత్ములు యంత్రం కొనివ్వడానికి ముందుకు వస్తారు. బ్లాక్‌లకు అల్ట్రాసౌండ్ యంత్రం నిజంగా గొప్ప సాధనమే. అయితే గర్భస్థ శిశువు లింగ నిర్ధారణను నిషేధించే 1994 నాటి చట్టం కింద నమోదు లేని సంస్థకు ఈ యంత్రాన్ని అమ్మడం గానీ, ఉచితంగా ఇవ్వడం గానీ కుదరదు. అది మోకాలి బ్లాక్‌లకే అయినా ఈ నిబంధన వర్తిస్తుంది. కాబట్టి విరాళం ప్రకటించే ముందు ఆసుపత్రి నమోదు పత్రం చూడండి.

యంత్రంతోపాటు మరికొన్ని చిన్నవి కావాలి. బ్లాక్ సూదులు, కొవ్వు ద్రావణపు సీసాలు, నాడి, ఆక్సిజన్ చూపే మానిటర్లు, రోగులు సురక్షితంగా లేచి నడవడానికి వాకర్లు, మరుగుదొడ్డి గోడకు పట్టుకొనే కడ్డీలు. వీటిపై దాతల పేరు చెక్కించే చోటు ఉండదు. అన్నిటికన్నా ముఖ్యం, రాత్రి రెండు గంటల వేళ వార్డులో మంచం మంచానికీ వెళ్ళి “నొప్పి ఎన్ని అణాలు?” అని అడిగి, ఆ సమాధానాన్ని రాసి, మందు ఇచ్చే నర్సు. బ్లాక్ మధ్యాహ్నం చేసిన వైద్యుడు ఆ వేళ అక్కడ ఉండడు. ఒక నర్సు జీతానికి, శిక్షణకు అందించే తోడ్పాటు ఏటా వందలాది రోగుల రాత్రులను తేలిక చేస్తుంది.

నెర్వ్ బ్లాక్ గాయాన్ని మాన్పదు. మానే పని శరీరమే చేసుకొంటుంది. ఆ పనికి ఊపిరి, నిద్ర, కదలిక కావాలి. నొప్పి వాటిని అడ్డగించకుండా మొదటి రోజు కాపాడడం వైద్యుల వంతు. రోగి వంతు ఒక్కటే. అడిగినవారికి నొప్పిని ఉన్నది ఉన్నట్లు చెప్పడం, అడగకపోతే పిలిచి చెప్పడం. ఇంట్లో పెద్దలు మొహమాటపడే స్వభావం గలవారైతే, వారి తరఫున ఆ మాట చెప్పే బాధ్యత పక్కన కూర్చొన్న కొడుకుది, కోడలిది, కూతురిది.